తోలు తీసిన దేవుడు

మా నాయిన చేతి వేళ్ళు లావుగా, కణుపులు కణుపులుగా వుంటాయి. కుడి బొటనవేలి గోరు సగమే వుంటుంది. మిగతా సగం ఆరె తిన్నది. నలభై యేండ్లు తోలు కుట్టిన చెయ్యి అది. చిన్నప్పుడు ఆ చెయ్యి చూసి నేను సిగ్గుపడ్డాను. బళ్ళో నా పేరు రాయించడానికి వచ్చినప్పుడు ఆ చేతిని ఎక్కడన్నా దాచుకుంటే బాగుండునని కోరుకున్నాను. యీ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ముప్పై యేడేండ్లు పట్టింది.

మాది జనగామ దగ్గర ఒక వూరు. నేను పుట్టినప్పుడు వరంగల్ జిల్లా. వూళ్ళో గొడ్డు చస్తే కబురు మా యింటికి వచ్చేది. నాయిన రంపె నూరుకుని పోయేవాడు. తోలు తీసి తెచ్చి, సున్నం పెట్టి, లందలో వేసి, తంగేడు చెక్కతో వూనబెట్టేవాడు. ఆ తోలుతోనే వూరికి చెప్పులు. ఒకప్పుడు వూరి బావులకు మోట తొండాలు కూడా మా తాత కుట్టినవే. వూరు మొత్తం నీళ్ళు తాగింది మా తోలు లోంచి. కానీ లంద వాసన మాత్రం మాది.

అయిదో తరగతిలో పక్కన కూర్చున్న పిల్లగాడు లేచి "సార్, వీని దగ్గర వాసనొస్తుంది" అన్నాడు. సారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు కిటికీ పక్కకు పొయ్యి కూసో, గాలాడుతది" అన్నాడు. అంతే. ఆ యేడాదంతా నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. తిట్టి వుంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు కాబట్టి యిప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత హాస్టలు. పురుగుల అన్నం, నీళ్ళ చారు, పదో తరగతి, యింటర్. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నాను. మా యింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. క్లాసులో ఒక పాఠంలో అఖిలీస్ పేరు వచ్చింది. నన్ను చదవమన్నారు. స్పెల్లింగు ఎట్లా వుంటే అట్లా "అచిల్లెస్" అని చదివాను. క్లాసంతా నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వి, "గ్రీకు పురాణాలు తెలియకుండా ఇంగ్లీషు సాహిత్యం ఎట్లా అర్థమవుతుందయ్యా? మీకెందుకు యీ బాధ, ఏ తెలుగో తీసుకోవచ్చు గదా" అన్నాడు. ఆ "మీకు" అనే మాటలో ఎంతమంది వున్నారో నాకు తెలుసు.

ఆ మాట ముల్లులాగా లోపలే వుండిపోయింది. బీఈడీ చేసేటప్పుడు, 2009లో, హైదరాబాదు పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఎడిత్ హామిల్టన్ రాసిన 'మిథాలజీ' దొరికింది. అట్ట చిరిగింది. యాభై రూపాయలు. ఆ పూట అన్నం మానేసి కొన్నాను. లెక్చరర్ మీద పంతంతో కొన్నాను గానీ దేవుళ్ళ మీద ప్రేమతో కాదు.

మొదటి నాలుగు పేజీలకు నాలుగు రోజులు పట్టింది. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో నిఘంటువు. పోను పోను దారి పడింది. ఆమె గురించి తర్వాత తెలుసుకున్నాను. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో ఒక ఆడపిల్లల బడికి 26 యేండ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది. పుస్తకాలు అచ్చు వేయించడం మొదలుపెట్టింది అరవై దాటిన తర్వాతే. యీ పుస్తకం 1942లో వచ్చింది. అంతకంటే ముందు, 1855లో, బోస్టన్‌లో థామస్ బుల్ఫించ్ అనే ఆయన యిట్లాంటి పుస్తకమే రాశాడు. ఆయన ప్రొఫెసర్ కాదు, బ్యాంకులో గుమాస్తా. గ్రీకు, లాటిన్ రాని మామూలు పాఠకులకు కూడా యీ కథలు అందాలనే రాశాడు. ఒకరు బడిపంతులమ్మ, ఒకరు బ్యాంకు గుమాస్తా. యీ సంగతి తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. తలుపు మూసివున్న యింట్లోకి, వెనక నుంచి ఒక నిచ్చెన వేసిపెట్టినట్టుంది.

హామిల్టన్ పుస్తకం చివర్లో, పెద్ద కథల్లో చోటు దొరకని వాళ్ళందరినీ అక్షర క్రమంలో వరసగా పేర్చి పెట్టింది. అందులో ఒక చిన్న పేరా. మార్సియస్ అని ఒక సెటైర్. సగం మనిషి, సగం జంతువు. అడివి వాడు. ఎథీనా దేవత పిల్లనగ్రోవి లాంటిది చేసి, వూదితే బుగ్గలు వుబ్బి అందం చెడుతుందని పారేసింది. మార్సియస్ దాన్ని ఏరుకున్నాడు. వూదడం నేర్చుకున్నాడు. ఎంత బాగా వూదాడంటే అపోలో దేవుడితోనే పోటీకి నిలబడ్డాడు. అపోలో గెలిచాడు. గెలిచి వూరుకోలేదు. మార్సియస్ తోలు ఒలిచాడు. అదీ బతికి వుండగానే.

అక్కడున్న ఇంగ్లీషు మాటకు అర్థం కోసం నిఘంటువు తీశాను. చర్మము ఒలుచు అని వుంది. నిఘంటువు మూసేశాను. ఆ పని అంటే ఏమిటో నాకు నిఘంటువు చెప్పనక్కరలేదు. ఎక్కడ కోత పెడతారో, ఎక్కడ పిడికిలితో నెడితే తోలు వూడి వస్తదో నేను అయిదేండ్ల వయసు నుంచి చూసిన. కానీ మా నాయిన చచ్చిన గొడ్డు తోలు తీసేవాడు. యీ దేవుడు బతికున్న మనిషి తోలు తీశాడు. మా నాయినకు వూరి బయట యిల్లు. ఆ దేవుడికి పాలరాతి గుళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉద్యోగం వచ్చాక, 2012 డీఎస్సీలో ఇంగ్లీషు టీచరు పోస్టు దొరికాక, రాబర్ట్ గ్రేవ్స్ 1955లో వేసిన 'ది గ్రీక్ మిత్స్' కొన్నాను. అందులో ఆ పోటీ ఎట్లా జరిగిందో కూడా వుంది. మొదట యిద్దరూ సమానంగా వాయించారు. అప్పుడు అపోలో ఒక కొత్త షరతు పెట్టాడు. వాయిద్యాన్ని తలకిందులు చేసి వాయించాలి, పాట కూడా పాడాలి అన్నాడు. తీగల వాయిద్యం తిప్పి పట్టుకున్నా మోగుతుంది. నోటితో వూదేది తలకిందులు చేస్తే ఎట్లా వూదుతాడు? వూదుతూ ఎట్లా పాడతాడు? ఓడిపోయాడు. యిది చదివినప్పుడు నాకు చప్పున మా ఇంటర్వ్యూలు గుర్తొచ్చాయి. మనవాడు పరీక్షలో సమానంగా నిలబడ్డాక పెట్టే కొత్త షరతులు గుర్తొచ్చాయి. ఏకలవ్యుడి బొటనవేలు, శంబూకుడి తల గుర్తొచ్చాయి. ఓవిడ్ అనే రోమన్ కవి చెప్పిన అరాక్నె కూడా అంతే. రంగులద్దే వాని బిడ్డ. నేతలో ఎథీనాతో పోటీ పడింది. ఆమె నేసిన బట్టలో దేవత కూడా తప్పు పట్టలేకపోయింది. తప్పు దొరకలేదనే కోపంతోనే బట్ట చింపి, కండెతో తల మీద కొట్టింది. చివరకు ఆమెను సాలెపురుగు చేసింది. పని రాకపోతే పనికిరాడంటారు. పని వస్తే తోలు తీస్తారు.

అయితే గ్రేవ్స్ పుస్తకంలోనే యింకో కథ చదివి నేను లేచి కూర్చున్నాను. హెర్మీస్ కథ. హోమర్ పేరుతో చెప్పుకునే ఒక పాత గ్రీకు స్తోత్రంలో అది యింకా వివరంగా వుంది. హెర్మీస్ తెల్లారేసరికి పుట్టాడు. మధ్యాహ్నానికి తాబేటి చిప్ప మీద యెద్దు తోలు బిగించి, గొర్రె పేగులతో ఏడు తీగలు కట్టి వాయిద్యం చేశాడు. సాయంత్రానికి అపోలో ఆవులు యాభై తోలుకుపోయాడు. అడుగుల జాడ దొరక్కుండా కొమ్మలు, రెమ్మలు అల్లి తన కాళ్ళకు తానే చెప్పులు చేసుకున్నాడు. రెండు ఆవులను కోసి, మాంసం పన్నెండు వాటాలు వేసి, ఆ రెండు తోళ్ళనూ ఒక బండ మీద పరిచి ఆరేశాడు.

దేవుడు. చెప్పులు చేసుకున్న దేవుడు. తోలు తీసి ఆరేసిన దేవుడు. తోలు బిగించి వాయిద్యం చేసిన దేవుడు.

ఆ శనివారం బస్సెక్కి వూరికి పోయాను. నాయిన అరుగు మీద కూర్చుని వున్నాడు. పక్కన కూర్చుని కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. పని తెలిసిన మనిషి పని గురించి అడిగినట్టు అడిగాడు.

"బండ మీద ఆరేసిండా? సున్నం పెట్టలేదా?"

"పుస్తకంల లేదు నాయినా."

"వొట్టిగ ఆరేస్తే కట్టెలెక్క అయితది. తంగేడు చెక్క లేదా ఆ దేశంల?"

"ఏమో నాయినా."

"పుట్టిన్నాడే రెండు తోళ్ళు తీసిండా? బొక్కలు పడకుంట తీసిండంటే పనోడే." కాసేపు ఆగి అడిగాడు. "మరి ఆయినను వూర్లెకు రానిచ్చిన్రా?"

నేను ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తట్టని ప్రశ్న అది. "రానిచ్చిన్రు నాయినా. దేవుళ్ళ సభల కూసోబెట్టిన్రు. కబుర్లు మోసే పనిచ్చిన్రు" అన్నాను.

"కబుర్లంటే? చావు కబుర్లా?"

"చచ్చినోళ్ళను పాతాళం దాక తోల్కపోయే పని కూడ ఆయినదే."

నాయిన అప్పుడు నవ్వాడు. "అయితే మనోడే బిడ్డా. సభల కూసోబెట్టిన్రు గని పని మాత్రం మన పనే యిచ్చిన్రు."

హెర్మీస్ ఆ వాయిద్యాన్ని చివరకు అపోలోకే యిచ్చాడు. అపోలో చేతిలో అదే గొప్ప సంగీతానికి గుర్తు అయ్యింది. ఆ వాయిద్యంతోనే మార్సియస్‌ను ఓడించాడు. ఆ కథలు వేరువేరు కాలాల్లో వేరువేరు మనుషులు చెప్పినవే. నాకు మాత్రం రెండూ కలిసే కనబడతాయి. తోలు బిగించింది ఒకడు. వాయించి పేరు తెచ్చుకున్నది ఒకడు. తోలు పోగొట్టుకున్నది యింకొకడు. మా దప్పు సంగతి కూడా అంతే గదా. మేం కొడితే పెండ్లి కదులుతది, పీనుగ కదులుతది, జాతర కదులుతది. కానీ అది సంగీతం అని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆ వారం తొమ్మిదో తరగతిలో హెర్మీస్ కథ చెప్పాను. పిల్లలకు ఎంత నచ్చిందంటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. మూడో రోజు హెడ్మాస్టర్ పిలిచాడు. ఎవరో తండ్రి వచ్చి ఫిర్యాదు చేశాడట.

"ఏం సార్, ఆవులు కోసే కథలు చెప్తున్నారట?"

"గ్రీకు కథ సార్. ఇంగ్లీషు సాహిత్యానికి పునాది."

"గ్రీకు కథ అయితే ఫరవాలేదు. కానీ మీరు మధ్యలో మీ నాన్నగారి సంగతి కూడా చెప్పారట గదా. అవన్నీ బళ్ళో ఎందుకు సార్?"

నేను యేమీ అనకుండా బయటికి వచ్చాను. తర్వాత చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. అనవలసిన మాట అప్పుడు రాలేదు. యిప్పుడు రాస్తున్నాను. రెండు వేల యేండ్లు దాటి, సముద్రాలు దాటి, ఇంగ్లీషులో వస్తే ఆవు తోలు సాహిత్యం. మా వాడ నుంచి నడిచి వస్తే అది కంపు. తోలు ఒకటే, ముక్కులు వేరు.

అట్లా అని గ్రీకు వాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు గొప్పోళ్ళని నేను అనడం లేదు. ఆ దేవుళ్ళ గుళ్ళ కింద బానిసల చెమట వుంది. ఒడిస్సీలో పన్నెండు మంది బానిస ఆడవాళ్ళను ఒకే తాడుకు వురి తీస్తారు. ఇలియడ్‌లో థెర్సైటిస్ అనే సిపాయి రాజును నిలదీస్తాడు. నువ్వు దోచుకోవడానికి మేమెందుకు చావాలని అడుగుతాడు. కవి ఆ మాట చెప్పేముందే వాణ్ణి దొడ్డికాళ్ళోడు, కుంటోడు, గూనోడు అని వర్ణించి పెడతాడు. ఒడిస్యూస్ రాజదండంతో వాని వీపు వాయిస్తే సైన్యమంతా నవ్వుతుంది. ఆ నవ్వు నాకు తెలుసు. "అచిల్లెస్" అని చదివిన రోజు విన్నాను.

హామిల్టన్ పుస్తకంలో నార్స్ కథలకు చివర్లో కొద్ది పేజీలే వున్నాయి. ఆ దేవుళ్ళు ఒకనాడు ఓడిపోయి చచ్చిపోతారని వాళ్ళకే తెలుసు. చచ్చే దేవుళ్ళంటే నాకు యిష్టం కలిగింది. యింకా చదవాలనిపించి, 1923లో అచ్చయిన బెలోస్ ఇంగ్లీషు అనువాదం ఫోన్‌లో దించుకున్నాను. అందులో వుంది 'రిగ్‌స్థులా' అనే కవిత.

హైమ్‌డాల్ దేవుడు రిగ్ అనే పేరు పెట్టుకుని భూమ్మీద తిరుగుతాడు. మొదట ఒక గుడిసెకు పోతాడు. పొట్టు కలిసిన ముతక రొట్టె పెడతారు. అక్కడ పుట్టినవాడు థ్రాల్, అంటే బానిస. వాని చర్మం ముడతలు, కణుపులు వుబ్బిన లావు వేళ్ళు, వికారమైన మొహం, వంగిన వీపు. పొద్దంతా మోపులు మోస్తాడు. వాని పిల్లలు పొలాలకు పెంట తోలుతారు, పందులను మేపుతారు. ఆ పిల్లల్లో ఒకని పేరుకు అర్థం కంపోడు. రెండో యింట్లో పుట్టినవాడు కార్ల్. యెద్దులు, నాగలి, వ్యవసాయం. మూడోది పెద్ద యిల్లు. అక్కడ పుట్టినవాడు యార్ల్. బంగారు జుట్టు, మెరిసే బుగ్గలు. యుద్ధాలు చేస్తాడు, భూములు గెలుస్తాడు. రిగ్ దేవుడు మళ్ళీ వచ్చి వానికొక్కనికే తన పేరు పెట్టి, నువ్వే నా కొడుకువన్నాడు. వానికొక్కనికే రూనులు నేర్పాడు. రూనులంటే అక్షరాలు.

చదివి ఫోను పక్కన పెట్టాను. పురుష సూక్తం ఐస్‌లాండ్ దాకా ఎవరు మోసుకపోయిన్రు? ఎవరూ మోసుకపోనక్కరలేదు. ఎక్కడ కూర్చుని తినేవాళ్ళుంటారో అక్కడ యీ కథ దానంతటదే పుడుతుంది. కాకపోతే అక్కడ ఆ కథ యిప్పుడు పుస్తకంలో పాఠం. యిక్కడ పెండ్లి సంబంధాల పేజీ.

యీ కథ కూడా పిల్లలకు చెప్పాను. మొదటి బెంచీలో ఒక అమ్మాయి వుంది. వాళ్ళమ్మ యిటుక బట్టీకి పోతుంది. ఆ పిల్ల లేచి అడిగింది.

"సార్, ఆయినకు వీపు పుట్టుకతోనే వంగుండెనా, మోసి మోసి వంగిందా?"

క్లాసంతా నిశ్శబ్దం. నేను బోర్డు వైపు తిరిగిన. కళ్ళ నీళ్ళు కనబడొద్దని. ఎంతో మంది పండితులు ఆ కవితకు వ్యాఖ్యానాలు రాసి వుంటారు. మా పిల్ల ఒక్క ముక్కలో తేల్చింది. మోసి వంగిన వీపును పుట్టుకతో వంగిన వీపు అని చెప్పడమే ఆ కవిత చేసిన పని. మనువు చేసిన పని కూడా అదే. నా చిన్నప్పుడు నేను నాయిన వేళ్ళను చూసింది కూడా ఆ కవి కళ్ళతోనే. కణుపులు వుబ్బిన లావు వేళ్ళు. నేను కూడా అట్లనే చూసిన.

యింకో సంగతి చెప్పి ముగిస్తాను. మార్సియస్ సంగతి. హామిల్టన్ ఆయన్ని ఒక చిన్న పేరాలో ముగించింది. కానీ ఆయన అక్కడ ముగియలేదు. రోము నగరం నడిమధ్య, న్యాయం చెప్పే చోట, ఫోరంలో, మార్సియస్ విగ్రహం నిలబెట్టారు. క్రీ.పూ. 82లో కొట్టిన వెండి నాణెం మీద ఆ విగ్రహం బొమ్మ వుంది. తర్వాత వేరే పట్టణాల్లో కూడా కచేరీల ముందు ఆ విగ్రహాలు వెలిశాయి. ఆ పట్టణానికి స్వేచ్ఛ వుందనడానికి అది గుర్తు అని సర్వియస్ అనే పాత వ్యాఖ్యాత రాశాడు. తోలు ఒలిపించుకున్నవాడు స్వేచ్ఛకు గుర్తు అయ్యాడు. మా వూరి బస్టాండు కాడ నీలం కోటు వేసుకుని, పుస్తకం పట్టుకుని, వేలు చూపిస్తూ నిలబడ్డాయన గుర్తొచ్చి నా వొళ్ళు పులకరించింది. ఆయన్నీ బళ్ళో వేరుగా, గోనెపట్టా మీద కూర్చోబెట్టిన వాళ్ళే గదా.

మా నాయినమ్మ జాంబపురాణం చెప్పేది. చిందోళ్ళ ఆటలో విని నేర్చుకుంది. భూమి పుట్టకముందే ఆరు నెలల ముందు పుట్టినోడు ఆదిజాంబవుడు అనేది. కామధేనువు చచ్చిపడితే ఏ దేవునికీ కొయ్యరాలేదట. జాంబవున్ని పిలిచిన్రట. ఆ కథ ఎంత పెద్దదో, ఎన్ని మలుపులు తిరుగుతుందో, నాకు సగం కూడా గుర్తు లేదు. ఆమె చెప్తుంటే నేను హోంవర్కు చేసుకున్నాను. జ్యూస్ పెండ్లాల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. నాయినమ్మ కథ రాదు. ఆమె పోయి పదేండ్లు దాటింది. చిందుల ఎల్లమ్మ అంతటి కళాకారిణి 2005లో పోయింది. నోట్లో వున్న పురాణం నోటితోనే మట్టిలోకి పోతుంది.

బోస్టన్ గుమాస్తా ఎవరి కోసమో కూర్చుని రాశాడు. బాల్టిమోర్ పంతులమ్మ ముసలితనంలో రాసింది. ఇంగ్లీషు సదువుకున్న నేను యేం చేస్తున్న? యీ ప్రశ్న నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో రెండు వందల పేజీల నోటుబుక్కు కొనుక్కుని వూరికి పోయాను. నాయినను చెప్పమన్నాను. "నాకేం గుర్తున్నది బిడ్డా, ముక్కలు ముక్కలు" అన్నాడు. ముక్కలే చెప్పమన్నాను. తోలు ముక్కలు కుట్టి చెప్పు చెయ్యలేదా నువ్వు అన్నాను. రోజూ రాత్రి కొంచెం కొంచెం చెప్పాడు. మధ్యలో నేను రిగ్ దేవుని సంగతి, అక్షరాలు ఒక్కనికే నేర్పిన సంగతి చెప్పాను. నాయిన చాలాసేపు వూరుకుని అడిగాడు.

"మరి నీకెవలు నేర్పిన్రు బిడ్డా?"

నేను చెప్పలేదు. ఆయన సగం గోరు వున్న బొటనవేలును నా చేతిలోకి తీసుకుని కూర్చున్న. నోటుబుక్కులో యిప్పటికి అరవై పేజీలు నిండినై. యింకా రాయాలె.